కంచం లేని తిండి

రుచికి నీతితో సంబంధం వుంటుందా? ఉప్పు ఎక్కువైంది, కారం చాలలేదు అనడంలో నీతి ఏమీ లేదు. కాని ఒక తిండి తిని, బాగుందనుకుని, ఆ తిండి ఆ రూపంలో తన చేతికి ఎందుకు వచ్చిందో విచారించకుండా మూతి తుడుచుకుని వెళ్ళిపోయేవాడి ఆనందం పూర్తి ఆనందమేనా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్నే. రసం అనే మాటనే మనవాళ్ళు నాలుక నుంచి తీసుకుని కావ్యానికి ఇచ్చారు. నానా వ్యంజనాలు కలిసిన అన్నం తినేవాడి తృప్తితో ప్రేక్షకుడి తృప్తిని పోల్చినవాడు భరతుడు. కావ్యం విషయంలో రసజ్ఞతకు వర్గదృష్టి వుంటుందని మనం ఎంతోకాలంగా వాదిస్తున్నాం. అసలు నాలుక దగ్గర మాత్రం ఆ వాదాన్ని ఎందుకు మానేస్తామో నాకు బోధపడదు.

ఈ మధ్య మన మధ్యతరగతిలో విదేశయాత్రలు బాగా పెరిగాయి. వెళ్ళివచ్చినవాళ్ళు పూర్వం కట్టడాలను గురించీ, శుభ్రమైన రోడ్లను గురించీ చెప్పేవాళ్ళు. ఇప్పుడు తిండిని గురించి చెబుతున్నారు. అదీ పెద్ద హోటళ్ళ తిండి కాదు. సందులో తోపుడుబండి దగ్గర నిలబడి తిన్న తిండి. 1830లో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో, ఏవి దొరకవో ఓపికగా రాసిపెట్టాడు. ఆయనకు దారిలో తిండి ఒక సమస్య. ఇప్పటి యాత్రికుడికి ఒక ఆకర్షణ. ఇది నిస్సందేహంగా మంచి మార్పే. వెంట వంటవాణ్ణి తీసుకుపోయే మనిషి కంటె ఎవరి చేతి వంటయినా తినగల మనిషి ఒక మెట్టు పైనే వున్నాడు.

నాకు అభ్యంతరం ఆ యాత్రికుడు వాడే క్రియాపదం విషయంలో. ఫలానా సందులో ఫలానా రొట్టెను తాను ‘కనుక్కున్నాను’ అంటాడు. ఆ సందులోవాళ్ళు అరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే తింటున్నదాన్ని ఇతను కనుక్కోవడమేమిటి? 1497లో క్రిస్మస్ రోజుల్లో ఆఫ్రికా ఆగ్నేయతీరం వెంట ఓడలో పోతూ వాస్కో డ గామా ఆ నేలకు నటాల్ అని పేరు పెట్టాడు. పోర్చుగీసు భాషలో అది క్రీస్తు పుట్టిన పండుగ పేరు. అక్కడ అప్పటికే కాపురముంటున్న జనం తమ నేలను ఏమని పిలుచుకుంటున్నారో తెలుసుకోవలసిన పని ఆయనకు కలగలేదు. పోల్చవలసినంత పెద్ద నేరం మన యాత్రికుడు చెయ్యడంలేదు నిజమే. కాని క్రియాపదం ఒకటే.

సైగాన్ అని పూర్వం పిలిచిన హోచిమిన్ నగరంలో నేను రొట్టె తిన్న బండి ఒక బడి గోడ పక్కన వుంది. జానెడు పైచిలుకు పొడుగున్న రొట్టె. పైన పెళుసుగా, లోపల దూదిలా వుంటుంది. ఆమె దాన్ని కత్తితో నిలువునా చీల్చి, పంది కార్జాన్ని మెత్తగా నూరి వండిన ముద్ద ఒకవైపు పూసి, పలచటి మాంసం ముక్కలు పరిచి, పుల్లగా ఊరిన ముల్లంగి, కారట్ తురుము, నిలువుగా కోసిన దోసకాయ, కాడలతో సహా కొత్తిమీర, పచ్చిమిరప చక్రాలు దూర్చి, ఏదో నల్లటి పులుసు నాలుగు చుక్కలు చల్లి, కాగితం చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఇచ్చింది. ఇదంతా నిమిషం పట్టలేదు. పాతికవేల డాంగులు, మన డబ్బులో ఎనభై రూపాయల పైమాట. దీన్ని బాన్ మీ అంటారు.

ఇందులో ఏది వియత్నాందో, ఏది కాదో విడదీద్దామని కూర్చుంటే చిక్కు వస్తుంది. ఆ దేశంలో గోధుమ పండదు. రొట్టె ఫ్రెంచివాళ్ళతో వచ్చింది. వాళ్ళు 1858లో దనాంగ్ మీద దాడి చేశారు, 1859లో సైగాన్ పట్టుకున్నారు. వాళ్ళ రొట్టెను మొదట్లో ‘పడమటి రొట్టె’ అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. కార్జం ముద్దకు వున్న పేరు ఫ్రెంచి పేరే. వెన్నకూ అంతే, కారట్‌కూ అంతే. భాషలో ఆ మాటలు ఇప్పటికీ అలాగే నిలిచి వున్నాయి, మన భాషలో బల్ల మీద మేజా నిలిచినట్టు. కొత్తిమీరా మిరపకాయా ఊరగాయా ఆ నేల పద్ధతివి. మిరపకాయ మాత్రం? అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. మనది మనది అని మనం గుండెలు బాదుకునే ఆవకాయలో కారం కూడా అంతే గదా.

అన్నం తినేవాడు బలహీనుడు, గోధుమ తినేవాడు పాలకుడు అనే సిద్ధాంతం ఆ రోజుల్లో సామ్రాజ్యవాదులకు చాలా ప్రీతిపాత్రమైనది. ఇది ఫ్రెంచివాళ్ళకు మాత్రమే పరిమితం కాదు. మనదేశంలో కూనూరు ప్రయోగశాలలో మెకారిసన్ దొర ఎలుకలకు సిక్కుల తిండి కొన్నిటికీ, మద్రాసీల తిండి కొన్నిటికీ పెట్టి తూకం వేశాడు. సిక్కు ఎలుకలు పుష్టిగానూ, మద్రాసీ ఎలుకలు నీరసంగానూ వున్నాయని తేలింది. ఆయన మంచి శాస్త్రజ్ఞుడు, మరపట్టిన బియ్యం లోపాలను గురించి ఆయన చెప్పింది నిజం. కాని పేదరికం వల్ల వచ్చిన తిండిని జాతిలక్షణంగా లెక్కవేసే అలవాటు శాస్త్రజ్ఞులను కూడా వదలలేదు. (ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.)

పడమటి రొట్టె బజారు రొట్టె కావడానికి చాలా కాలం పట్టింది. ఫ్రెంచి పద్ధతిలో రొట్టె వేరుగా, మాంసం ముక్కలు వేరుగా, వెన్న వేరుగా పళ్ళెంలో పెట్టి ఇచ్చేవాళ్ళు. బల్లా కుర్చీ వుండాలి, చాకూ ఫోర్కూ వుండాలి, కూర్చుని తినే తీరిక వుండాలి. 1954 జెనీవా ఒప్పందం దేశాన్ని రెండుగా చీల్చినప్పుడు ఉత్తరాన్నుంచి సుమారు పదిలక్షలమంది దక్షిణానికి వెళ్ళారు. అలా వెళ్ళిన దంపతులు 1958లో సైగాన్‌లో హోవా మా అనే దుకాణం పెట్టి, ఆఫీసులకూ బడులకూ పరుగెత్తేవాళ్ళ సౌకర్యం కోసం పళ్ళెంలోని వస్తువులన్నిటినీ రొట్టెలోపలే కూరి ఇవ్వడం మొదలుపెట్టారని అక్కడ చెప్పుకుంటారు. ఇలాంటి కథల్లో ‘మొదటివాడు’ అనే మాటను నేను పెద్దగా పట్టించుకోను. ఒకే అవసరం నగరమంతటా వున్నప్పుడు ఒకే ఆలోచన పదిమందికి వస్తుంది. ఆ తర్వాత అమెరికా తన మిగులు గోధుమను ‘శాంతి కోసం తిండి’ అనే పేరుతో దక్షిణ వియత్నాంలో గుమ్మరించింది. ఆకాశం నుంచి బాంబులు, ఓడల నుంచి గోధుమ. మన తాతలు రేషను షాపుల ముందు నిలబడి తెచ్చుకున్న పి.ఎల్. 480 గోధుమ కూడా ఆ చట్టం కింద వచ్చిందే. 1975 తర్వాత దేశం విడిచిన శరణార్థులతో ఆ రొట్టె కాలిఫోర్నియాకూ పారిస్‌కూ ఆస్ట్రేలియాకూ వెళ్ళింది. 2011లో ఆక్స్‌ఫర్డు నిఘంటువులోకి ఎక్కింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించమని పాఠకులను కోరుతున్నాను. ఈ కథలో ముఖ్యమైన మార్పు పళ్ళెం మాయమవడం. శాండ్విచ్ అనే మాటకు వున్న కథ కూడా ఇదే. పద్దెనిమిదో శతాబ్దంలో శాండ్విచ్ ప్రభువు జూదపు బల్ల విడిచి లేవడం ఇష్టంలేక రెండు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడట. చరిత్రకారుడు గిబ్బన్ దినచర్యలో 1762లోనే ఆ మాట కనిపిస్తుంది. జూదం కథ నిజమో కాదో గాని, ఆయన నౌకాదళ మంత్రిగా పనిచేసిన మాట నిజం. ఆ ప్రభువు ఇంట్లో పళ్ళాలకు కొదవ వుండి వుండదు. వద్దనుకున్నాడు. సైగాన్ గుమాస్తాకు పళ్ళెం వుంది గాని, తీరిక లేదు. ఇక మూడోవాడున్నాడు. అతనికి పళ్ళెం ఇవ్వలేదు.

అతన్ని గురించి చెప్పాలంటే డర్బన్ వెళ్ళాలి.

1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అందులో వున్నది నటాల్ చెరుకుతోటల కోసం ఒప్పందం మీద తీసుకుపోయిన కూలీలు. తెలుగువాళ్ళూ, తమిళులూ వున్నారు. 1911లో ఆ పద్ధతి ఆగిపోయేలోగా అలా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. వాళ్ళలో మూడింట రెండువంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. ఒప్పందం తీరినా కూలికి తిరిగి ఒప్పుకోకుండా వుండిపోయినవాడు ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. 1913 సమ్మె తర్వాతగాని అది పోలేదు. కూలీల వెనకే సొంత ఖర్చులతో గుజరాతీ వర్తకులు వెళ్ళారు. ఇవాళ డర్బన్‌లో తెలుగు ఇంటిపేర్లు వున్నవాళ్ళు చాలామంది వున్నారు. తెలుగు మాట్లాడేవాళ్ళు బహుకొద్దిమంది. 1931లో స్థాపించిన ఆంధ్ర మహాసభ ఇంకా నడుస్తోంది. భాష పోయిన ఇళ్ళలో కూడా పులుసు, పచ్చడి పోలేదు. మాతృభాష కంటె నాలుకకు జ్ఞాపకశక్తి ఎక్కువని నాకు అక్కడ అనిపించింది.

అక్కడి వీధి తిండి బన్నీ చౌ. ఇంగ్లీషులో బన్నీ అంటే కుందేలు పిల్ల గనక, కొత్తవాళ్ళు ఇందులో కుందేలు మాంసం వుంటుందనుకుంటారు. వుండదు. బనియా అనే మాట నోళ్ళల్లో నలిగి బన్నీ అయిందని ఎక్కువమంది చెప్పేది. కోయని తెల్లరొట్టెను నాలుగోవంతు తీసుకుని, నిలువుగా నిలబెట్టి, లోపలి మెత్తటి భాగాన్ని గుంటలా తవ్వితీసి, ఆ గుంటలో కూర పోసి, తవ్వితీసిన ముక్కను పైన మూతలా పెట్టి ఇస్తారు. దుకాణంలో ‘క్వార్టర్ మటన్’ అంటే చాలు. మొదట్లో వుండేది చిక్కుడుగింజల కూర. మూతముక్కను కూరలో ముంచి తింటూ, గోడలను పైనుంచి కిందికి చింపుకుంటూ రావాలి. చెంచా అడిగినవాణ్ణి అక్కడివాళ్ళు చూసే చూపు వేరుగా వుంటుంది. కూరలో మసాలా ఘాటు మన గుంటూరు మనిషికి కూడా చాలినంత వుంది.

ఇది 1940ల ప్రాంతంలో గ్రే స్ట్రీట్ చుట్టుపక్కల పుట్టిందంటారు. ఎలా పుట్టిందనే విషయంలో కథలు చాలా వున్నాయి. గోల్ఫు మైదానంలో దొరల సంచులు మోసే కుర్రవాళ్ళకు మధ్యాహ్నం అన్నం మోసుకుపోవడానికని ఒక కథ. నల్లవాళ్ళను హోటల్లోకి రానివ్వగూడదు గనక పెరటి గుమ్మం నుంచి అందించడానికని మరొక కథ. తోటల్లో కూలీలు వెంట తీసుకుపోవడానికని ఇంకొకటి. ఏది నిజమో తేల్చడం నా పని కాదు. కాని అన్ని కథల్లోనూ ఒకటి సామాన్యంగా వుంది. తినేవాడికి కూర్చునే చోటు లేదు, చేతిలోకి కంచం రాలేదు. రొట్టే కంచమైంది. 1948లో అధికారానికి వచ్చిన నేషనల్ పార్టీ 1950లో నివాసాలను, 1953లో పార్కులూ బెంచీలూ హోటళ్ళతో సహా సమస్తాన్నీ రంగును బట్టి వేరుచేసే చట్టాలు చేసింది. రొట్టెలో కూర ముందు పుట్టిందా, చట్టం ముందు పుట్టిందా అని వాదించనక్కర్లేదు. చట్టానికి ముందే ఆచారం వుంది.

ఇది విన్న ఒక మిత్రుడు, తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకుడు, “ఇంత తెలిశాక నీకు ముద్ద గొంతు దిగిందా?” అని అడిగాడు. దిగింది. దిగకూడదని ఎందుకు అనుకోవాలి? అవమానంలోంచి పుట్టిన తిండిని ఆనందంగా తినడం ఆ అవమానంలో పాలుపంచుకోవడమేనని ఆయన వాదం. ఈ వాదంలో ఒక గొప్పతనం కనబడుతుంది గాని, నిలవదు. మొదటిది, ఆ తిండిని డర్బన్‌లో ఇవాళ అందరికంటె ఇష్టంగా తినేది ఆ అవమానం పొందినవాళ్ళ మనవలే. వాళ్ళు తినవచ్చును, నేను తినకూడదు అంటే వాళ్ళ దుఃఖానికి వాళ్ళకంటె నేనే ఎక్కువ వారసుణ్ణి అవుతాను. రెండోది, నేను ముద్ద మానేసినందువల్ల అమ్మేవాడికి ఆ పూట బేరం తగ్గుతుంది, అంతే. పశ్చాత్తాపం పడేవాడు ఎప్పుడూ తన్ను తానే రంగస్థలం మధ్య నిలబెట్టుకుంటాడు. ఇది మధ్యతరగతికి చాలా ఇష్టమైన వ్యాయామం.

ఇంకొక మిత్రుడు రాజకీయాల్లో పనిచేసినవాడు. ఆయనది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన వాదం. “ఇది ప్రజల విజయం. దొర రొట్టెను లాక్కుని, లోపలి పిండి తవ్విపారేసి, తమ కూర నింపారు. సంస్కృతిలో ప్రతిఘటన అంటే ఇదే” అన్నాడు. వినడానికి బాగుంటుంది. మన పత్రికల్లో ఇలాంటి వాక్యాలు తరచు చదువుతుంటాం. కాని రొట్టె తవ్వినవాడు ఆ క్షణంలో ప్రతిఘటిస్తున్నాననుకోలేదు. అన్నం వేళయింది గనక అన్నం తింటున్నాడు. ప్రతి గతిలేనితనానికీ ప్రతిఘటన అని పేరుపెడితే, గతిలేనితనం అంత చెడ్డదేమీ కాదన్న భావం వెనక తలుపు గుండా వస్తుంది.

పైగా చరిత్ర ఈ వాదానికి అడ్డు వస్తోంది. భారతీయుడి దుకాణం నుంచి ఆఫ్రికన్ చేతికి రొట్టె అందుతున్న ఆ రోజుల్లోనే, ఆ వీధులకు దగ్గరలోనే, 1949 జనవరిలో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య దారుణమైన అల్లర్లు జరిగాయి. అధికార లెక్కల ప్రకారమే 142 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికన్లు. తెల్లవాడి ప్రభుత్వం ఇద్దరినీ అణచివేస్తూ, ఒకరికి ఒక మెట్టు ఎక్కువ ఇచ్చింది. కోపం దగ్గరగా వున్న మెట్టు మీదికి మళ్ళింది. ఒకే రొట్టె తిన్నంత మాత్రాన మనుషులు అన్నదమ్ములు కారు. 1947లో ఆఫ్రికన్ కాంగ్రెసు నాయకుడు డాక్టర్ జుమా, భారతీయుల నాయకులు డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ చేసుకున్న ఒడంబడికా, 1952లో రెండు సంఘాలూ కలిసి నడిపిన శాసనధిక్కార ఉద్యమమూ ఆ ఐక్యతకు పునాది వేశాయి. ఆ యూసఫ్ దాదూ కమ్యూనిస్టు నాయకుడు. గ్రే స్ట్రీట్‌కు ఇవాళ ఆయన పేరే పెట్టారు.

అయితే మొదటి మిత్రుడూ కాదు, రెండో మిత్రుడూ కాదు అన్న తర్వాత మిగిలేది ఏమిటి? ఆకలితో మాడేవాడికి తిండి మానవ రూపంలో కనిపించదనీ, మన ఇంద్రియాలు ఇప్పుడున్న స్థితికి రావడం వెనక చరిత్ర యావత్తూ వుందనీ మార్క్స్ తన యౌవనంలో, 1844లో, ఆలోచించాడు. నేను తిన్న రెండు రొట్టెలూ ఆ మాటకు చిన్న సవరణ అడుగుతున్నాయి. అవసరం మనిషికి ప్రశ్నను మాత్రమే ఇస్తుంది. కంచం లేదు, కూర జారిపోతుంది, ఏం చెయ్యాలి? దీనికి రొట్టెను తవ్వు అనే జవాబు అవసరంలో ఎక్కడా లేదు. అది ఎవరో ఒక మనిషి బుర్రలోంచి వచ్చింది. ఆ కూరలో మసాలా ఎంత వెయ్యాలో, రొట్టె నానిపోకుండా పులుసు ఎంత చిక్కగా వుండాలో తేల్చింది కూడా ఆకలి కాదు. ఆకలికి అంత శ్రద్ధ వుండదు. అంటే మనిషిని మనిషిగా చూడని చోట కూడా, వండినవాడు తినేవాణ్ణి నాలుక వున్న మనిషిగా చూశాడు. దాన్ని విజయమని నేననను. కాని దాన్ని రుచి చూడకుండా మెచ్చుకోవడం కుదరదు.

ఇంతవరకూ వచ్చాక నేను మన వూళ్ళను గురించి మాట్లాడకుండా తప్పించుకోలేను. పెరటి గుమ్మం నుంచి రొట్టె అందించడం మనకు తెలియని పద్ధతా? మన పల్లెల్లో టీబడ్డీల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి వుంది. దళితుడి గ్లాసు చూరుకింద వేరుగా వుండేది, తాగి తనే కడిగి బోర్లించి పోవాలి. గ్లాసు కూడా ఇవ్వని చోట కొబ్బరిచిప్ప. 1955లో అస్పృశ్యతను శిక్షించే చట్టం వచ్చిన తర్వాత కూడా దశాబ్దాల తరబడి ఇది సాగింది, పోయిందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవాడు ఎవరూ లేడు. విస్తరాకు మన సంస్కృతి అని మురిసిపోతాం. ఒకరు తిన్న పాత్ర మరొకరు ముట్టకుండా వుండటానికి విస్తరి కంటె అనుకూలమైన సాధనం లేదన్న సంగతి ఆ మురిపెంలో రాదు. ఇప్పుడు టీబడ్డీలకు కాగితపు కప్పు వచ్చింది. అందరికీ అదే ఇస్తే గొడవలేదు. కొందరికి గాజు, కొందరికి కాగితం అయితే, పాత కొబ్బరిచిప్పకు కొత్త వేషం కట్టినట్టే.

డర్బన్‌లో వారిక్ కూడలి అని ఒక పెద్ద బజారు వుంది. అక్కడ ఒక మూల జూలూ స్త్రీలు ఆవు, ఎద్దు తలకాయలను పెద్ద గిన్నెల్లో ఉడకబెట్టి, చెక్కపలకల మీద కోసి, ఉప్పూ కారంతో, ఉడికించిన పిండి ముద్దలతో పెడతారు. పూర్వం తలకాయ మాంసం మగవాళ్ళకే దక్కేదట. ఇప్పుడు వండేదీ అమ్మేదీ స్త్రీలే. రైల్వే కూలీలూ, బస్సుల్లో వచ్చిపోయేవాళ్ళూ నిలబడి తింటున్నారు. అక్కడ నాకు మనదేశపు యాత్రికులు కొందరు కనిపించారు. ఫోటోలు తీసుకుంటున్నారు, పలకల మీద ముక్కలను ఆసక్తిగా చూస్తున్నారు, ఒకరిద్దరు తింటున్నారు కూడా. తిన్నవాళ్ళలో ఒకాయన నాతో మాట కలిపి, స్వదేశంలో తాను ఇది ముట్టనని చెప్పాడు. ఎందుకని అడిగితే “అది వేరు” అన్నాడు. అంతకంటె నిజాయితీగల జవాబు మరొకటి వుండబోదు. నిజంగా వేరే.

వేరు అవడానికి కారణం మాంసంలో లేదు. విదేశంలో యాత్రికుడికి అమ్మేమనిషి కులం తెలియదు. ఆ సమాజంలో ఆ తిండికున్న స్థానం తెలియదు. దాన్ని తిన్నవాణ్ణి ఎవరు చిన్నచూపు చూస్తారో తెలియదు. అందుచేత అతనికి అది ఉత్త తిండిగా, ఉప్పూ కారం మాంసంగా కనిపిస్తుంది. అతను అనుభవించే స్వేచ్ఛ తెలియకపోవడం వల్ల వచ్చిన స్వేచ్ఛ. దీన్ని నేను వెక్కిరించడంలేదు. దీనివల్ల ఒక ముఖ్యమైన విషయం రుజువవుతోంది. ఆ ముద్ద నోట పెట్టుకున్నప్పుడు అతనికి డోకు రాలేదు. అంటే ఇక్కడ వచ్చే డోకు నాలుకది కాదు, కడుపుది కాదు. ఎవరి పక్కన కూర్చున్నామన్నదాన్ని బట్టి వస్తోంది. రుచి నేర్చుకునేదీ, మార్చుకునేదీ అని ప్రయోగశాలలో ఎలుకల మీద నిరూపించనక్కర్లేదు. విమానం టికెట్టు కొన్న ప్రతి పెద్దమనిషీ నిరూపిస్తున్నాడు.

రొట్టె అమ్మే మనిషిని గురించి కూడా కొంత చెప్పాలి. వీధి తిండిని మెచ్చుకునేవాళ్ళు వీధిని మరిచిపోతారు. సైగాన్ మొదటి డిస్ట్రిక్టులో 2017లో కాలిబాటలను ఖాళీ చేయించే కార్యక్రమం పెద్ద యెత్తున నడిచింది. ఆ ప్రాంతాన్ని చిన్న సింగపూరు చెయ్యాలని అధికారుల ఆశయం. కమ్యూనిస్టు పార్టీ పాలనలో వున్న నగరంలో అమ్ముకునే పేదరాలి బండిని ఎత్తి లారీలో వెయ్యడం ఏమిటని మనలో కొందరికి కష్టంగా వుండవచ్చును. నాకూ వుంది. డర్బన్‌లో 1910 నుంచి నడుస్తున్న వేకువజాము బజారును పడగొట్టి పెద్ద మాల్ కట్టాలని 2009లో పురపాలకులు తలపెట్టారు. మరుసటేడు ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు ప్రపంచమంతా వస్తోంది గదా. అమ్ముకునేవాళ్ళు వీధుల్లోనూ కోర్టుల్లోనూ పోరాడారు. మాల్ కట్టలేదు. ఆ బజారులో కూరగాయల బస్తాల మధ్య భారతీయ సంతతివాళ్ళూ ఆఫ్రికన్లూ పక్కపక్కన కూర్చుని అమ్ముతున్నారు. 1949 జ్ఞాపకం అక్కడ ఎవరికీ పూర్తిగా పోయిందని కాదు. కొట్లు పోతే ఇద్దరివీ పోతాయని తెలిసింది.

మనదేశంలో 2014లో వీధి వ్యాపారుల రక్షణకు చట్టం వచ్చింది. పట్టణ కమిటీల్లో నూటికి నలభై పాళ్ళకు తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులు ఎన్నికై వుండాలని అందులో వుంది. తమ వూళ్ళో ఆ కమిటీ వుందో లేదో, పునుగుల బండి అతను అందులో వోటు వేశాడో లేదో మన అధ్యాపకుల్లో ఎంతమందికి తెలుసు? సైగాన్ రొట్టెలో ఏమేమి దూరుస్తారో మాత్రం చాలామందికి తెలుసు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు, వారితో పాటు వామపక్ష విద్యార్థులు కొందరు, తమ ఇళ్ళలో తినే గొడ్డుమాంసం హాస్టలు మెస్సులో కూడా వుండాలని అడుగుతూ పండుగ జరిపారు. బిర్యానీ వండుకున్నారు, అందరినీ పిలిచారు. ఆ రాత్రి రాళ్ళు పడ్డాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు. విద్యార్థులు అడిగింది ఎక్కువేమీ కాదు. తినమని ఎవరినీ బలవంతం చెయ్యలేదు. ఇంట్లో తిన్నదాన్ని బల్ల మీద కంచంలో పెట్టుకుని, అందరిముందూ కూర్చుని తింటామన్నారు. ఆ రోజుల్లో నేను మాట్లాడిన ఒక పెద్దమనిషి, ప్రపంచంలో చాలా దేశాలు తిరిగినవాడు, “వాళ్ళు వాళ్ళ గదుల్లో తినవచ్చును గదా, ఎవరు వద్దన్నారు?” అన్నాడు. పెరటి గుమ్మం తెరిచే వుందన్నమాట.